గంటన్నర బాబాయి ఓటు

గడ్డం గియ్యడానికి ఎంతసేపు పడుతుంది? పది నిమిషాలు. మరీ మొండి గడ్డమైతే పావుగంట వేసుకోండి. కానీ కరెంటాఫీసులో మీటర్లు చూసి రిటైరైన బాబాయి కుర్చీలో కూర్చున్నాడంటే మాత్రం గంటన్నర. కత్తి చెంప దగ్గరికి వచ్చే వేళకి ఆయనకి ఏదో ఒకటి గుర్తొస్తుంది. దవడ ఆడుతుంటే కత్తి ఆడదు కదా. సెలూనాయన కత్తి పట్టుకుని నిలబడాలి, ఆయన చెప్పుకుంటూ పోవాలి, నురగ ఆరిపోవాలి, మళ్ళీ బ్రష్షు తడపాలి. పన్నెండేళ్ళుగా ఇదే వరస. అందుకే వీధి వీధంతా ఆయన్ని గంటన్నర బాబాయి అంటుంది. చాటుగా కాదు, మొహం మీదే అంటుంది. ఆయన కూడా అదేదో శాలువా కప్పి ఇచ్చిన బిరుదైనట్టు పలుకుతాడు.

మామూలు రోజైతే సెలూనాయనా నవ్వేవాడే. నవ్వడమేమిటి, ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆ కోతలు వినడానికే సగం మంది ఆ సెలూనుకొచ్చేవాళ్ళు. కానీ ఆ వేళ ఆయనకి ఒళ్ళు మండిపోతోంది. ఆ వేళ ఓట్ల లెక్కింపు.

సంగతేమిటంటే, ఆ వీధి రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. చెయ్యండి, ఎవరొద్దన్నారు? రోడ్డు తిన్నగా పోతే ఎవరికీ నష్టం లేదు, ఒక్క కాంట్రాక్టరుకి తప్ప. ఆయన మూడంతస్తుల హోటలు సగం రోడ్డు జాగాలోనే కట్టాడు. అందుకని ప్లాను గీసిన మహానుభావులు హోటలు దగ్గరికొచ్చేసరికి రోడ్డుని ఇటు వంచారు. ఆ వంపు కింద ఎనిమిది షాపులు పడ్డాయి. ఎనిమిదింటి గోడల మీదా ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టి పోయారు. సెలూను వాటిలో మూడోది. కింద రెండు కుర్చీలు, గోడంతా అద్దం, తండ్రి నాటి చెక్క బీరువా. పైన ఒకే ఒక్క గది, అందులో పెళ్ళాం, ఇద్దరాడపిల్లలు, వాళ్ళ పుస్తకాలు, మడత మంచాలు. కిందది పోతే పైదీ పోతుంది. ఆ తర్వాత నలుగురూ ఎక్కడ పడుకోవాలో సెలూనాయనకి తెలీదు.

ఆ వంపు ఖాయం కావాలంటే వార్డు మెంబరు సంతకం పెట్టాలి. పాత మెంబరు గుండె ఆగి పోవడంతో ఎన్నిక వచ్చింది. ఎందుకొచ్చిన గొడవ, ఇంకొకడి సంతకం కోసం తిరగడమెందుకని కాంట్రాక్టరు తనే నిలబడ్డాడు. తన హోటలుకి తనే సంతకం పెట్టుకుంటాడన్నమాట. ఆయన మీద నర్సమ్మ నిలబడింది. పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి, వీధిలో సగం మంది పిల్లల్ని మొట్టమొదట ఎత్తుకుంది ఆవిడే. ఆవిడ ప్రచారమంతా ఒకటే మాట. "నేను గెలిస్తే ఆ వంపు మీద సంతకం పెట్టను." అంతే, ఇంకో ముక్క చెప్పలేదు.

అద్దం పైన చిన్న టీవీ ఉంది. అందులో పొద్దుటి నుంచీ కాంట్రాక్టరు బావమరిది ఛానెలు మోగుతోంది. ఇంకో ఛానెలు కూడా వస్తుంది, అది కాంట్రాక్టరుకి పడని ఇంకో పెద్దమనిషిది. ఆయన నిలబెట్టిన మనిషి ఈ వార్డులో ఎటూ మూడో స్థానమే కాబట్టి వాళ్ళు అసలు ఇక్కడ ఎన్నికే జరగనట్టు తుఫాను వార్తలు చూపిస్తున్నారు. పదకొండయ్యేసరికి బావమరిది ఛానెల్లో టీవీ పట్టనంత పెద్ద అక్షరాలు పడ్డాయి. అఖండ విజయం. వెనకాల కాంట్రాక్టరు, మెడ కనపడకుండా దండలు.

పెళ్ళాం మెట్ల మీద సగం దాకా దిగొచ్చి, "ఏమైందయ్యా?" అంది.

"ఏముంది, పోయింది," అన్నాడు సెలూనాయన.

ఆవిడ పైకెళ్ళిపోయింది. కాసేపటికి పైన ట్రంకు పెట్టె ఈడ్చిన చప్పుడు వినిపించింది. సరిగ్గా అప్పుడు వచ్చాడు గంటన్నర బాబాయి, చేతులూపుకుంటూ.

బెంచీ మీద అప్పటికే ఇద్దరున్నారు. ఒకడు ఆటో నడిపే కుర్రాడు, రెండో ఆయన రిటైరైన లెక్కల మాష్టారు. ఇద్దరూ జుట్టు కత్తిరించుకోడానికి రాలేదు, ఒంటరిగా ఇంట్లో టీవీ చూడలేక వచ్చారు. బాబాయి తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, తువ్వాలు తనే కప్పుకుని, టీవీ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నేను అంత చేస్తే ఇదా ఫలితం," అన్నాడు.

 ఎవరూ అడక్కపోతే ఆగే మనిషా?

"పెద్దగా ఏదో చేశానని చెప్పుకోడం నాకు ఇష్టముండదు, మీకు తెలుసు కదా. పోలింగు రోజు పొద్దున్నే లేచి, మన వీధి చివర ఇద్దరు ముసలమ్మలుంటారు చూడండి, వాళ్ళని చెరో చేత్తో పట్టుకుని బూతు దాకా నడిపించుకెళ్ళాను, అంతే. అదేమంత గొప్పని అనను."

"అందులో ఒకావిడ మా అత్తగారు," అన్నారు మాష్టారు. "ఆవిడ ఆటోలో వెళ్ళింది."

"నా ఆటోలోనే," అన్నాడు ఆటో కుర్రాడు.

"ఆటో ఎక్కడానికి నాలుగడుగులు వెయ్యాలి కదయ్యా, నేను చెప్పేది ఆ నడక సంగతి. సరే, అది వదిలెయ్యండి. బూతు దగ్గరికెళ్ళాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేటుకి ఇంత దూరంలో కాంట్రాక్టరు వ్యాను. నిండా కుక్కర్లు. ఇంటికొకటి."

"అది మాత్రం నిజం," అన్నాడు ఆటో కుర్రాడు. "మా ఇంటిక్కూడా వచ్చింది."

"తీసుకున్నావా?"

"మా ఆవిడ తీసుకుంది."

"చూశావా మరి. నేను తీసుకోలేదు. నేనేం చేశానంటే వ్యానెక్కి ఒక్క మాటన్నాను. అమ్మల్లారా, ఈ మెంబరు మీ నెత్తిన ఐదేళ్ళుంటాడు, ఈ కుక్కరు వాషరు ఆరు నెలలే ఉంటుంది, ఆలోచించుకోండి అన్నాను. అంతే, ఎక్కడివాళ్ళక్కడ కుక్కర్లు తెచ్చి నా కాళ్ళ దగ్గర పడెయ్యడం మొదలెట్టారు. గుట్ట పడింది. నీళ్ళ ట్యాంకంత గుట్ట. పైనున్న కుక్కరు మీద గద్ద వచ్చి కూర్చుంది."

"వార్డులో ఏడొందల ఇళ్ళు," అన్నారు మాష్టారు. "ఏడొందల కుక్కర్లు గుట్ట పోస్తే మనిషికి రెండెత్తులు కూడా రాదు."

"మాష్టారూ, మీరు మూతలు లేకుండా లెక్కేస్తున్నారు."

సెలూనాయన బ్రష్షుతో నురగ పట్టించి, కత్తికి కొత్త బ్లేడు పెట్టి, "దవడ ఆపు బాబాయ్," అన్నాడు. బాబాయి ఆపాడు. ఎడం చెంప సగం గీసేదాకా నిజంగానే ఆపాడు. ఆ తర్వాత ఆయన వల్ల కాలేదు.

"మరి ఆ కుక్కర్లని అలా వదిలేస్తే మళ్ళీ ఇంకో వార్డులో పంచుతారు కదా. పనికిరాకుండా చెయ్యాలి. అందుకని అన్నిట్లో నీళ్ళు పోయించి కింద మంట పెట్టించాను. కానీ మనిషన్నాక ఎక్కడో ఒకచోట పొరపాటు చేస్తాడు, విజిళ్ళు తీయించడం మర్చిపోయాను. అన్నీ ఒక్కసారి కూశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కూత విని స్టేషన్లో ఆగున్న ప్యాసింజరు రైలు లైను క్లియరైందనుకుని బయల్దేరిపోయింది. డ్రైవరు కింద టీ తాగుతున్నాడు. రైలొక్కటే వచ్చేసింది."

"స్టేషను ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్లు," అన్నారు మాష్టారు.

"అదే కదా నేను చెప్పేది, అంత దూరం వినపడింది."

"మధ్యలో మా ఇల్లుంది. నాకు వినపడలేదు."

"కూత మీ ఇంటి మీదుగా పోయింది మాష్టారూ. ఇక చూడండి, రైలు దూసుకొస్తోంది, ఓట్ల లైన్లో ఆడవాళ్ళు, పిల్లలు. నేను వెళ్ళి పట్టాల మీద నిలబడ్డాను. చెయ్యి కూడా ఎత్తలేదు. దాని కళ్ళలోకి చూసి, ఓటేశావా అనడిగాను. సిగ్గుతో ఆగిపోయింది. అందులోంచి దిగారయ్యా జనం, నాలుగు వేల మంది, అందరూ మన వార్డు ఓటర్లే, ఊళ్ళో లేరని లిస్టులో రాసేసిన వాళ్ళు."

"వార్డులో మొత్తం ఓట్లే రెండువేల నాలుగొందలు."

"నేనూ అదే అడిగాను వాళ్ళని," అన్నాడు బాబాయి.

ఆటో కుర్రాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సెలూనాయనకి మాత్రం నవ్వు రాలేదు. ఇక్కడ కొంప మునిగిపోతుంటే ఈయనకి ఈ కోతలేమిటని లోపల కుతకుతలాడుతున్నాడు. పోనీ లేచి పొమ్మనడానికి లేదు, సగం గీసిన చెంపతో ఎవర్నైనా ఎలా పంపిస్తాం?

అప్పుడే పక్క షాపు టైలరక్క లోపలికొచ్చింది. ఎర్ర అడ్డగీత పడిన ఎనిమిది షాపుల్లో ఆవిడది నాలుగోది. పోలింగు రోజు బూతులో నర్సమ్మ తరఫున కూర్చుందీ ఆవిడే, ఇవాళ లెక్కింపుకి వెళ్ళిందీ ఆవిడే. చంకన చేతిసంచి, అందులో కాగితాల కట్ట, మొహం వాడిపోయి ఉంది. సెలూనాయన ఏదో అడగబోయాడు. ఆవిడ బాబాయి వైపు చూసి, చెయ్యడ్డం పెట్టి, "ఉండు తమ్ముడూ, ఆయన్ని చెప్పనీ. వింటాను," అని బెంచీ చివర కూర్చుంది.

కొత్త మనిషి వినడానికి దొరికితే బాబాయికి ఇంకేం కావాలి?

"రామ్మా, రా. నీకు తెలీని సంగతి కాదులే, నువ్వు లోపల కూర్చున్నావు, బయట నేను పడ్డ అవస్థ నీకు కనపడి ఉండదు. అప్పుడొచ్చారు టీవీ వాళ్ళు. రెండు ఛానెళ్ళు. బావమరిది ఛానెలు వాడు లైనుకి ఎడం పక్క నిలబడి జనం బారులు తీరారంటున్నాడు. రెండోవాడు కుడి పక్క నిలబడి ఖాళీ గోడ చూపిస్తూ పురుగు కూడా రాలేదంటున్నాడు. ఉన్నది ఒకటే లైను. మధ్యలో నేను. ఇద్దరూ రెండు మైకులు నా నోట్లో పెట్టారు. నేను ఎడం పెదవితో వాడికీ కుడి పెదవితో వీడికీ ఒకేసారి చెప్పాను, కెమెరా అటూ ఇటూ కాదురా, వెనక్కి తిప్పండి అని. తిప్పితేనా? నేనే మెడ పట్టుకుని తిప్పాను."

"వాడి మెడా?" అన్నాడు ఆటో కుర్రాడు.

"కెమెరా మెడ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కెమెరా వెనక్కి తిరిగేసరికి స్టూడియోలో కూర్చున్నవాడికి వాడి మొహం వాడికే కనపడింది. పుట్టి బుద్ధెరిగాక వాడి వార్తలు వాడు వినడం అదే మొదలు. భోరుమన్నాడు. నాకు జీతమిచ్చేదెవరో చెప్పేస్తాను, నన్ను వదిలెయ్యండని లైవులో ఏడ్చాడు. దెబ్బకి ఆ ఛానెలు ఆపేశారు. అది చూసి రెండోది ఆపేశారు. అలా దేశం మొత్తం మీద టీవీలన్నీ అరగంటసేపు ఆగిపోయాయి. ఇళ్ళల్లో ఏం చెయ్యాలో తోచక మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకున్నారు. పదకొండు విడాకుల కేసులు వెనక్కి తీసుకున్నారు. కొత్తగా పదహారు పడ్డాయనుకోండి, అది వేరే సంగతి."

"మా ఇంట్లో టీవీ ఆగలేదు," అన్నారు మాష్టారు.

"మీ ఇంటి మీటరు నెమ్మది మాష్టారూ, నాకు తెలీదా? అరగంట తర్వాత ఆగి ఉంటుంది, మీరు నిద్రపోయి ఉంటారు."

సెలూనాయన పట్టించిన నురగ ఆరిపోయింది. మళ్ళీ తడిపాడు. కుడి చెంప మీద బ్రష్షు తిప్పుతూ, "బాబాయ్, ఒక్క రెండు నిమిషాలు ఊరుకో, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు.

"ఊరుకుంటాను, ఈ ఒక్కటీ చెప్పి ఊరుకుంటాను. టీవీలు ఆగాక కాంట్రాక్టరుకి గుండెల్లో రాయి పడింది. కారు దిగి పరిగెత్తుకొచ్చి, నలుగురూ చూస్తుండగా నా కాళ్ళ మీద పడ్డాడు. బాబాయ్, తప్పైపోయింది, రోడ్డు నీ ఇష్టం, నీక్కావలసినట్టు వంచుకో అన్నాడు. వంచడమేమిట్రా దొంగ వెధవా అని, నేను వంగి రోడ్డు చివర రెండు చేతులతో పట్టుకుని, ఉతికిన దుప్పటి దులిపినట్టు ఒక్క దులుపు దులిపాను. వంపు పోయింది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా అయిపోయింది. రోడ్డు మీదున్న రెండు లారీలు ఎగిరి హోటలు మూడో అంతస్తులో పడ్డాయి. ఇంకా అక్కడే ఉన్నాయి, కావాలంటే వెళ్ళి..."

"రోడ్డు తిన్నగా అయితే నా గోడ మీద ఆ గీతలెందుకున్నాయి బాబాయ్?"

సెలూనాయన గొంతు ఎప్పుడూ అంత గట్టిగా లేవదు. కత్తి పట్టుకున్న చెయ్యి పక్కకి తీసేశాడు. పైన పెట్టె ఈడ్చిన చప్పుడు కూడా ఆగింది. బాబాయి అద్దంలోంచి ఆయన్ని చూశాడు.

"అదేరా," అన్నాడు చివరికి. "నేను వదిలేశాక మళ్ళీ ముడుచుకుంది. తారు కదా."

ఎవరూ నవ్వలేదు. ఇంకొకడైతే అక్కడితో ఆపేవాడు. ఈయన ఆపితే పన్నెండేళ్ళ పేరు ఏమైపోవాలి? అప్పుడే అసలుదాన్లోకి దిగాడు.

"ఇవన్నీ అలా ఉంచండి. అసలు సంగతి నా ఓటు. లోపలికెళ్ళాను. నన్ను చూసి ఆఫీసర్లందరూ లేచి నిలబడ్డారు. అయ్యా, మీలాంటివారి కోసమే పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాం, కూర్చుని వెయ్యండని కుర్చీ వేశారు. ఓటు కూర్చుని వేసేది కాదు, నిలబడే వేస్తానన్నాను. మిషను దగ్గరికెళ్ళాను. నర్సమ్మ గుర్తు మీద వేలు పెట్టి నొక్కాను. పీఁ అని కూసింది. అందరికీ ఒక్క క్షణం కూసేది నాకు ఆగలేదయ్యా. కూస్తూనే ఉంది. ఊళ్ళో కుక్కలు లేచి నిలబడ్డాయి. మిషనుకి కళ్ళంట నీళ్ళు. ఒక ఆఫీసరు తుడుస్తున్నాడు. అంత నిజాయితీగా ఓటు పడటం ఎన్నడూ చూడలేదట అది. ఆ మీట మీద చెయ్యి పెట్టి చూడండి, ఇప్పటికీ వెచ్చగా ఉంటుంది. నేనేసిన ఒక్క ఓటు వెయ్యి ఓట్ల పెట్టు అని ఆ పెద్దాఫీసరే నా చెయ్యి పట్టుకుని చెప్పాడు."

"ఇంత చేస్తే మరి నర్సమ్మ ఎలా ఓడిపోయింది బాబాయ్?" అన్నాడు ఆటో కుర్రాడు.

"జనంరా, జనం. నేనొక్కణ్ణి ఎంతమందికని బుద్ధి చెప్పను? కుక్కరుకి ఒకడు, కులానికి ఒకడు, బద్ధకానికి ఒకడు. ఓటు విలువ తెలీని మనుషులు. చూడండి ఆ టీవీలో, అఖండ విజయమట. ఎన్ని వేల మెజారిటీయో ఏమో."

టైలరక్క అప్పుడు నోరు విప్పింది.

"మెజారిటీ లేదు బాబాయ్."

"ఏంటమ్మా?"

"నర్సమ్మకి ఎనిమిదొందల పన్నెండు. కాంట్రాక్టరుకి ఎనిమిదొందల పన్నెండు. మూడుసార్లు లెక్కపెట్టారు. మూడుసార్లూ అంతే. అప్పుడు ఆఫీసరు రెండు చీటీలు రాసి, మడిచి, మంచినీళ్ళ గ్లాసులో వేసి గుమాస్తా చేత ఒకటి తీయించాడు. కాంట్రాక్టరు పేరొచ్చింది. టీవీ వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. బావమరిది వాడు గ్లాసు పక్కకి తీయించి దండలు ఫొటో తీసుకున్నాడు. రెండోవాడు కెమెరా సర్దుకుని వెళ్ళిపోయాడు."

సెలూనాయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. టీవీలో ఇంకా అఖండ విజయం నడుస్తూనే ఉంది. మాష్టారు లేచి దాన్ని కట్టేశారు.

"ఒక్క ఓటు," అన్నారు.

"ఒక్కటే," అంది టైలరక్క. సంచిలోంచి కాగితాల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది. "బూతులో వచ్చినవాళ్ళ పేరు వచ్చినట్టు నేను గీత కొట్టుకున్నాను. మన వీధిలో చచ్చిపోయినవాళ్ళు పోగా, ఊళ్ళో లేనివాళ్ళు పోగా, మంచం దిగలేనివాళ్ళు పోగా, గీత పడని పేరు ఒకటుంది. బస్సులో కూర్చుని ఎవరిదా అని చూశాను. మీది బాబాయ్."

"అది... నువ్వు చూసుకోలేదేమోనమ్మా. హడావిడిలో..."

"నేను కూర్చున్నది కిటికీ పక్కన. మీరు పొద్దున్న తొమ్మిదింటికే వచ్చారు. లైన్లోనే నిలబడ్డారు. మంత్రిగారింట్లో మీటరు వెనక్కి తిరిగిన కథ ఎత్తుకున్నారు. మీ వంతు దగ్గరపడేసరికి కథ అవలేదు. వెనకవాళ్ళని ముందు పొమ్మన్నారు. మళ్ళీ వంతొచ్చింది, మళ్ళీ పొమ్మన్నారు. మధ్యాహ్నానికి కాళ్ళు నొప్పెట్టి లైను పక్కన గేటు బయట అరుగు మీద కూర్చున్నారు. ఐదింటికి ఆఫీసరు గేటు మూస్తూ, లైన్లో ఉన్నవాళ్ళకి చీటీలు పంచుతూ మీ దగ్గరికొచ్చాడు. పెద్దాయనా, మీరు లైన్లో ఉన్నారా అనడిగాడు. మీరేమన్నారో నేను విన్నాను."

బాబాయి తువ్వాలు అంచు మెలిపెట్టాడు.

"ఒక్క నిమిషం ఉండు నాయనా, మంచి పట్టులో ఉన్నా, అడ్డు రాకు అన్నారు. ఆయన గేటు వేసుకున్నాడు."

సెలూనాయన కత్తి అద్దం కింద పెట్టేశాడు. బాబాయి మీద కోపంతో కాదు. ఆయనకీ గుర్తొచ్చింది. పోలింగు రోజు పదకొండింటికి లైన్లో బాబాయి వెనకాల నిలబడింది తనే. 'షాపు తెరుచుకోవాలి కదరా, నువ్వు ముందెళ్ళు' అని భుజం మీద చెయ్యేసి ముందుకి తోసింది ఈ మనిషే. తను వెళ్ళాడు, వేశాడు, బయటికొచ్చాడు. వచ్చినవాడు తిన్నగా షాపుకి పోయాడా? మంత్రిగారి మీటరు ఏమైందో తెలుసుకోడానికి ఇంకో అరగంట అక్కడే నిలబడి పగలబడి నవ్వాడు. ముందు ఓటేసిరా బాబాయ్, తర్వాత చెబుదువు గాని అన్న మాట ఆయన నోట రాలేదు. ఎవరి నోటా రాలేదు. చచ్చేంత సిగ్గేసింది ఆయనకి.

"నేను ఊరికే కూర్చోలేదమ్మా," అన్నాడు బాబాయి. అంత చిన్న గొంతు ఆయనకుందని అక్కడెవరికీ తెలీదు. "నలభై మందిని ముందుకి పంపించాను. అది మాత్రం కోత కాదు."

"కాదు బాబాయ్. నేను లెక్కపెట్టాను, నలభయ్యే. నలభై ఒకటోది కావాల్సొచ్చింది."

ఆవిడ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. మెట్ల దగ్గరికెళ్ళి, "వదినా, నేను పైకొస్తున్నా. నా సామాను కూడా సర్దుకోవాలి, అట్టపెట్టెలేమైనా ఉన్నాయా?" అంటూ పైకెళ్ళింది.

కింద నలుగురు మగాళ్ళు మిగిలారు. సెలూనాయన బ్రష్షు మళ్ళీ తడిపాడు. ఎడం చెంపలో మిగిలింది గీశాడు, కుడి చెంప గీశాడు. గడ్డం కింద గీశాడు. మీసం పక్కన సరిచేశాడు. బాబాయి దవడ కదల్లేదు, కళ్ళు మూసుకునే ఉన్నాడు. అంతా కలిపి ఏడు నిమిషాలు పట్టింది. పన్నెండేళ్ళలో ఆ గడ్డం అంత తొందరగా ఎప్పుడూ అవలేదు. తువ్వాలు తీసి దులిపినా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

అంతలో వరసలో మొదటిదైన మందుల షాపాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. పొద్దుటి నుంచీ షాపులో జనం, ఇప్పటిదాకా ఆయనకి ఊపిరి సలపలేదు, టీవీ కూడా లేదక్కడ. ఫలితం అడగడం కూడా మర్చిపోయి, కుర్చీలో బాబాయిని చూడగానే మొహం విప్పారింది.

"ఏం బాబాయ్, పోలింగు రోజు భలే పని చేశావట, చెప్పవా మరి? నేను మొదట్లోనే వచ్చేశాను, మీటరు కథ కూడా సగమే విన్నా. ఏం చేశావు చెప్పు."

బాబాయి అద్దంలో ఆయన్ని చూశాడు. నున్నటి చెంప ఒకసారి తడుముకున్నాడు.

"నేను ఓటెయ్యలేదయ్యా," అన్నాడు.

మందుల షాపాయన పకపకా నవ్వాడు. "అబ్బ, ఎంత బాగా మొదలెట్టావు బాబాయ్," అంటూ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.